వెనక మూత బిగించే ముందు

ఆ రోజు పొద్దున ఇంట్లో ఉన్నది నలుగురు. వంటింట్లో అమ్మ, హాల్లో కిటికీ పక్కన కాళ్లు చాపుకుని అత్తయ్య, పని గదిలో నాన్న, ఆ గది గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని మైనం. పని బల్ల మీద పొట్ట విప్పుకుని బోర్లా పడుకున్న వాల్వుల రేడియోని కూడా కలుపుకుంటే అయిదుగురు. దాన్ని కలపకుండా అత్తయ్య ఎప్పుడూ లెక్క చెప్పేది కాదు.

"మా తమ్ముడు పెళ్లాంతో కన్నా దాంతోనే ఎక్కువ మాట్లాడతాడు. మరి అది మనిషి కాక ఏమిటి?" అంది ఆవిడ మోకాళ్లకు మందు రాసుకుంటూ. "ఒరేయ్, దాని పని అయ్యాక నన్ను కూడా అలాగే బోర్లా పడుకోబెట్టి చూడరా. ఏ తీగ ఊడిందో ఏమో, లేచినప్పుడల్లా మోకాళ్లు గరగరమంటున్నాయి."

"నీకు విడిభాగాలు దొరకవక్కా. ఆ మోడల్ తయారీ ఆపేసి చాలా కాలమైంది," అన్నాడు నాన్న లోపల్నుంచి.

అమ్మ వంటింట్లో ఫక్కున నవ్వింది. మైనం కూడా నవ్వింది కానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఈ మధ్యనే నాన్న మళ్లీ వేళాకోళాలు ఆడుతున్నాడు. ఆమె భయమంతా దాని గురించే.

మైనం ఆమె అసలు పేరు కాదు. నడక వచ్చీరాని రోజుల్లో నాన్న బల్ల కింద దూరి, కింద పడ్డ మైనపు చుక్కలు ఏరుకుని, వాటితో పిట్టలూ కుక్కపిల్లలూ చేస్తూ కూర్చునేది. ఎవరు ఎత్తుకున్నా వాళ్ల బట్టలకు మైనం అంటేది. "ఇదిగో, మైనం వచ్చింది" అని అత్తయ్య మొదలుపెడితే అదే ఖాయమైపోయింది. ఇప్పుడు బడి చదువు అయిపోయింది. ఎవరైనా కొత్తవాళ్లు ఇంటికి వస్తే తలుపు చాటుకు వెళ్లిపోయే అలవాటు మాత్రం పోలేదు.

"టీ అక్కడ పెట్టి తలుపు వేసుకుని వెళ్లు," అన్నాడు నాన్న తల ఎత్తకుండా.

ఆ ఇంట్లో పని గది తలుపుకి ఒక పద్ధతి ఉంది. నాన్న సోల్డరింగ్ ఐరన్ వేడి చేశాడంటే, ఇంట్లో ఎవరో ఒకరు బయటి నుంచి తలుపు మూయాలి. హాలు కిటికీలోంచి సూటిగా గాలి వస్తుంది. తీగను అతికే టంకం చల్లారేటప్పుడు గాలి తగిలినా, చెయ్యి కదిలినా, అది పట్టినట్టే కనిపించి పట్టదు. పైగా వేడి మైనం మీద దుమ్ము పడుతుంది. తలుపు మూసి ఉందంటే లోపల పని జరుగుతోందని అర్థం. అప్పుడు అత్తయ్య కూడా గొంతు తగ్గించి తిట్టేది.

నాన్న చేసే పని ఆ ఊళ్లో ఇంకెవరికీ రాదు. పాత రేడియోలో కండెన్సర్ అంటే చిటికెన వేలంత అట్ట గొట్టం. లోపల కాగితమూ రేకూ చుట్టలు చుట్టి, రెండు కొసలూ మైనంతో మూసి ఉంటాయి. ఏళ్లు గడిచేసరికి లోపల చెమ్మ చేరి రేడియో బొంగురుపోతుంది. వేరేవాళ్లయితే దాన్ని కత్తిరించి పారేసి కొత్తది తగిలిస్తారు. నాన్న అలా చేయడు. గొట్టానికి మెల్లగా వేడి పట్టించి, పాడైన చుట్టను బయటికి లాగేసి, దాని స్థానంలో చిక్కుడు గింజంత కొత్త పసుపు రంగు కండెన్సర్ పెట్టి, మళ్లీ రెండు కొసలా మైనం పోసేస్తాడు. పైకి చూస్తే ఫ్యాక్టరీలో పుట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. పాటకి మాత్రం కొత్త ఊపిరి వస్తుంది.

"ముసలిదానికి కుర్రగుండె పెట్టి, పైన అదే ముడతల చీర కట్టడం. ఇది మోసం కాదట్రా?" అని ఏడిపించేది అత్తయ్య.

"చెప్పకపోతే మోసం. నేను చెబుతాను కదా," అనేవాడు నాన్న.

నిజంగానే చెప్పేవాడు. వెనక మూత బిగించే ముందు రేడియో యజమానిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్క గొట్టాన్నీ తాకి చూపించేవాడు. "ఇందులో కొత్తది. ఇందులో కొత్తది. ఇది మాత్రం పాతదే, ఇంకా బాగానే ఉంది." కొందరు విసుక్కునేవాళ్లు. "మాకెందుకు బాబాయ్ గారూ, పాడితే చాలు" అనేవాళ్లు. వాళ్లు విన్నామని తల ఊపేదాకా నాన్న మూత చేతిలోకి తీసుకునేవాడు కాదు.

మైనం టీ బల్ల మీద పెట్టింది. గ్లాసు అందుకోబోయిన నాన్న చెయ్యి గాల్లో సన్నగా వణికింది. ఆయన దాన్ని వెలుగులోకి చాచి, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూసుకున్నాడు.

"తగ్గింది కదూ?"

మైనం గ్లాసును ఆయన చేతికి ఇంకొంచెం దగ్గరగా జరిపింది.

"తగ్గిందే. పోయిన ఏడాది ఎలా ఉండేది! ఆ డాక్టరు మందు ఆలస్యంగానైనా పట్టింది. లేకపోతే లైబ్రరీవాళ్లు పాత వస్తువుల ప్రదర్శనకి పిలిస్తే వస్తానని ఒప్పుకునేవాడినా? ఇవాళ అందరూ చూస్తుండగా వాళ్ల రేడియోకి ఆ చివరి కండెన్సర్ తగిలించి, అక్కడికక్కడ పాడించేస్తాను. నువ్వూ రా."

"నాన్నా..."

"ఊ?"

"ఇవాళ వద్దులే. ఇంట్లోనే పూర్తిచేసి పాడేది తీసుకెళ్దాం."

నాన్న కళ్లజోడు పైకి నెట్టుకుని ఆమెను చూశాడు. "ఏం? పదిమందిలో మీ నాన్న చెయ్యి వణుకుతుందని భయమా?"

చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది. కానీ ఆయన ముఖంలో ఉన్న ఆ కొత్త వెలుగు చూసి, మాట మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. బయటికొచ్చి తలుపు మూసింది.

పోయిన ఏడాది నాన్న చెయ్యి వణకడం మొదలైంది. చూపు కూడా మందగించింది. మొదట్లో దాచుకున్నాడు. టైలరమ్మ అని అందరూ పిలిచే ముసలావిడ రేడియో బాగుచేసి పంపితే, ఇంటికి తీసుకెళ్లిన మర్నాడే అది మూగబోయింది. ఆవిడ దాన్ని మళ్లీ మోసుకొచ్చింది. ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆవిడ వెళ్లాక నాన్న ఐరన్ తీగ పీకేసి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి లేవలేదు. అమ్మ వెళ్లి పిలిస్తే, "ఇంక ఈ చెయ్యి దేనికే?" అన్నాడు.

ఆ మధ్యాహ్నం నాన్న నిద్రలో ఉండగా మైనం పని గదిలోకి వెళ్లింది. టైలరమ్మ రేడియోలో టంకాలు ఎండిన బురద గడ్డల్లా ఉన్నాయి. చిన్నప్పటినుంచీ బల్ల కింద నుంచి, తర్వాత బల్ల పక్కనుంచి చూసిన పనే. ఒక్కొక్కటీ విప్పింది, శుభ్రం చేసింది, మళ్లీ వేసింది. తలుపు మూసుకోలేదు. మూస్తే లోపల పని జరుగుతోందని తెలిసిపోతుంది. కిటికీ గాలి తగలకుండా వీపు అడ్డం పెట్టుకుని, వంగి, ఊపిరి బిగబట్టి వేసింది.

నాన్న లేచి స్విచ్ వేశాడు. రేడియో పాడింది.

ఆయన దాని ముందు చిన్నపిల్లాడిలా కూర్చుండిపోయాడు. "పాడుతోందే!" అని అమ్మను కేకేశాడు. ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

అప్పట్నుంచీ అదే వరస. పొద్దున నాన్న వేసేవాడు. మధ్యాహ్నం ఆయన పడుకున్నాక మైనం విప్పి మళ్లీ వేసేది. ఒకరోజు అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. తిడుతుందనుకుంది మైనం. అమ్మ చీర చెంగుతో కళ్లు తుడుచుకుని, "చెప్పకే. ఆయన నవ్వి ఎన్నాళ్లయింది" అంది. అంతే.

మైనంది ఎడం చేతి వాటం. కూర తరిగినా, ముగ్గు గీసినా, ఐరన్ పట్టినా ఆ చేత్తోనే. తీగ కొసను రేడియో లోపలి కొక్కేనికి చుట్టేటప్పుడు నాన్న కుడివైపుకి తిప్పితే, ఆమె వేళ్లు ఎడమవైపుకి తిప్పేవి. ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు. నాన్న చూపుకి అది ఆనలేదు.

*

లైబ్రరీ హాలు నిండిపోయింది. గోడల వెంట బల్లల మీద పాత రేడియోలు, గ్రామఫోన్లు, టైప్‌రైటర్లు పెట్టారు. ముందు వరసలో చిన్నపిల్లలు కింద కూర్చున్నారు. మైనం ఒక స్తంభం పక్కన సర్దుకుని నిలబడింది. వేదిక మీద బల్ల, బల్ల మీద రేడియో, రేడియో ముందు ఇస్త్రీ చొక్కాలో నాన్న.

"అందరికీ కనిపించాలి కదా బాబాయ్ గారూ," అంటూ లైబ్రేరియనమ్మ ఆయన తలకు పైన చిన్న కెమెరా సర్దింది. లైట్లు తగ్గించారు. వెనకాల తెల్లగోడ మీద నాన్న చెయ్యి తలుపంత పెద్దదై ప్రత్యక్షమైంది.

ఆ చెయ్యి వణుకుతోంది.

అంత పెద్దగా చూస్తే అది వణకడంలా లేదు. కొట్టుకుంటున్నట్టుంది. హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. నాన్న ఇంకా గోడ చూడలేదు. చిన్న నవ్వుతో కండెన్సర్ ఎత్తి పిల్లలకు చూపించాడు.

"ఇది పాతది. నాకన్నా పెద్దది. కానీ దీని పొట్టలో ఏముందో తెలుసా?"

తీగ కొక్కేనికి చుట్టబోయాడు, జారింది. మళ్లీ చుట్టబోయాడు. ఐరన్ పట్టుకున్నాడు. దాని మొన కొక్కేనికి తగలాల్సింది, పక్కనున్న గొట్టానికి తగిలింది. గోడ మీద మైనం కరిగి పెద్ద పెద్ద చుక్కలుగా కారింది. గొట్టం కొసన పసుపు రంగు బయటికి తొంగి చూసింది.

"లోపల వేరేది ఉంది!" అని అరిచింది ముందు వరసలో ఒక చిన్నపిల్ల. హాలంతా నవ్వింది. అందులో ఎగతాళి లేదు. నాన్న కూడా నవ్వాడు.

"ఉందమ్మా. అదే నేను చెప్పబోయింది. నువ్వు ముందే కనిపెట్టేశావు."

కానీ ఆ నవ్వులో ఆయన వెనక్కి తిరిగి గోడ చూశాడు. చూసి, అలాగే ఉండిపోయాడు. మళ్లీ బల్లవైపు తిరిగి టంకం వేయబోతే సీసం చుక్క కింద పడింది. ఇంకోసారీ పడింది. ఎవరో దగ్గారు. లైబ్రేరియనమ్మ మైకు అందుకుని, "మరి కాసేపు టీ తాగి..." అని మొదలుపెట్టింది.

మైనం కాళ్లు వాటంతటవే కదిలాయి. పదిమందిలో పేరు అడిగితేనే చెమటలు పట్టే పిల్ల, అంతమంది మధ్యలోంచి నడిచి వేదిక ఎక్కింది.

"నేను పట్టుకుంటాను నాన్నా," అంది మెల్లగా.

ఆయన ఐరన్ ఇచ్చేశాడు. ఆమె తీగ చుట్టింది, మొన ఆనించింది, సీసం తాకించింది, తీసేసింది. చిటికెలో అయిపోయింది. నాన్న స్విచ్ వేశాడు. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకుని రేడియో మాట్లాడింది.

చప్పట్లు మోగాయి. పిల్లలు లేచి నిలబడి కొట్టారు. మైనం ముఖం తిప్పి నాన్నను చూసింది. ఆయన చప్పట్లు వినడం లేదు. గోడనే చూస్తున్నాడు. తలుపంత పెద్దగా, తళతళలాడుతూ, ఎడమవైపుకి చుట్టిన తీగ కొస. దాని పక్కన, ఆయన తనవే అనుకున్న పాత కొసలు కూడా ఎడమవైపుకే.

*

కరిగిన గొట్టం మూయడానికి వెనక్కి తెస్తున్న రేడియో బస్సులో ఇద్దరి ఒళ్లోనూ సగం సగం ఉంది. మలుపుల దగ్గర అది పడిపోకుండా ఇద్దరూ ఒకేసారి పట్టుకున్నారు. అప్పుడు వేళ్లు తగిలితే నాన్న తన చెయ్యి తీసేసుకున్నాడు.

"ఏరా, చప్పట్లు పడ్డాయా?" అంది అత్తయ్య గుమ్మంలోనే.

"పడ్డాయి," అన్నాడు నాన్న గడ్డంతో మైనం వైపు చూపించి. "దీనికి."

సరాసరి పని గదిలోకి వెళ్లి, భూతద్దం తీసి, రేడియోని బోర్లా తిప్పాడు. తర్వాత అరలో ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న మిగతా సెట్లు కూడా దించి మూతలు విప్పాడు. వణికే చేత్తో స్క్రూలు విప్పడానికి చాలాసేపు పట్టింది. సాయం చేయబోయిన అమ్మను చూపుతోనే ఆపేశాడు.

"ఇలా రా," అన్నాడు. మైనం వెళ్లి నిలబడింది. స్క్రూడ్రైవర్ మొన ఒక టంకాన్ని తాకింది.

"ఇది ఎవరిది?"

"నాది."

"ఇది?"

"నాదే నాన్నా."

"ఇది? ఇది? ఇదీ?"

ఆమె తల ఊపుతూ పోయింది. కన్నీళ్లు బల్ల మీద పడుతున్నాయి. లైబ్రరీ రేడియో దగ్గరికి వచ్చేసరికి ఒకచోట ఆమె తల ఊపలేదు.

"అది నీది."

"దీన్ని ఎందుకు వదిలేశావు?"

"బాగానే ఉంది నాన్నా. అందుకని ముట్టుకోలేదు."

నాన్న భూతద్దం పెట్టి దాన్ని చాలాసేపు చూశాడు. "ఒక్కటి," అన్నాడు. "ఇన్నాళ్ల పనిలో ఒక్కటి."

"పిల్లను ఏమీ అనకండి," అంది అమ్మ. "చెప్పొద్దన్నది నేనే."

"నీకూ తెలుసన్నమాట."

"మీరు గోడవైపు తిరిగి పడుకుంటే నేను చూడలేకపోయానండీ."

అత్తయ్య గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. "నాకూ తెలుసురా. మధ్యాహ్నం పూట సీసం వాసన రాదూ? నా మోకాళ్లు పోయాయి కానీ ముక్కు పోలేదు." నవ్వించబోయింది. ఎవరూ నవ్వలేదు.

"అంటే ఇంట్లో అందరికీ తెలుసు," అన్నాడు నాన్న. "బోర్లా పడుకున్న ఈ రేడియోకి కూడా తెలుసు. తెలియనివాణ్ని నేనొక్కణ్నే. వీధి వీధంతా చెప్పుకున్నానే! మందు పట్టింది, మందు పట్టింది అని. మీరు వింటూ కూర్చున్నారు."

"నువ్వు సంతోషంగా ఉన్నావని..." అంది మైనం.

"వెనక మూత బిగించే ముందు నేనేం చేస్తాను?"

ఆమె కళ్లు బల్ల మీదున్న మూత మీదికి వెళ్లాయి.

"చెప్పవే. చిన్నప్పటినుంచీ చూస్తున్నావు కదా. ఏం చేస్తాను?"

"యజమానికి చూపిస్తావు. లోపల కొత్తది పెట్టానని చెబుతావు."

"ఎందుకు చెబుతాను? నేను చెప్పకపోతే ఎవడికి తెలుస్తుంది? పైకి అంతా పాతదే కదా."

"వాళ్ల వస్తువు కాబట్టి."

"మరి ఈ చెయ్యి ఎవరిది?" ఆ చేతిని ఆమె ముఖం ముందు చాచాడు. అది కొట్టుకుంటోంది. "దీనికి యజమాని ఎవరే? నా పొట్ట విప్పి, లోపల నీ చెయ్యి పెట్టి, పైన నా తొడుగు అలాగే ఉంచి మూత బిగించేశావు. నాకు చూపించావా? ఒక్క మాట చెప్పావా? చెప్పి ఉంటే ఏడ్చేవాణ్ని. ఇంట్లో ఏడ్చేవాణ్ని. గోడ మీద, అంత పెద్దగా, అంతమంది ముందు చూసుకునేవాణ్ని కాదు."

"నాన్నా..."

"వెళ్లు."

ఆమె వెనక్కి అడుగులు వేసింది. నాన్న తలుపు వేసుకున్నాడు. మూసిన తలుపు అవతల ఎప్పుడూ ఐరన్ సుయ్యిమన్న చప్పుడో, రేడియో గరగరో వినిపించేది. ఇప్పుడు ఏమీ వినిపించలేదు.

అమ్మ పక్కన కూర్చుని తల నిమిరింది. "ప్రేమతోనే చేశావులే," అంది.

మైనం తల అడ్డంగా ఊపింది. ప్రేమతోనే చేసింది. అది నిజమే. కానీ ఆయన ఎన్నోసార్లు "తగ్గింది కదూ?" అని అడిగాడు. అడిగిన ప్రతిసారీ తను ఊరుకుంది. తను భయపడింది నాన్న ఏడుస్తాడని. ఆయన ఏడిస్తే చూసే ధైర్యం తనకు లేదు, అంతే. తన పిరికితనం కనపడకుండా, దానిపైన ఆయన సంతోషాన్ని తొడుగులా తొడిగింది.

*

మర్నాడు పొద్దున నాన్న గడ్డం గీసుకోకుండా బయటికొచ్చాడు. చేతిలో స్క్రూడ్రైవర్ల సంచి.

"చెప్పులు వేసుకో," అన్నాడు మైనంతో.

మొదట టైలరమ్మ ఇంటికి వెళ్లారు. ఆవిడ కుట్టు మిషను ముందు కూర్చుని కాజాలు కుడుతోంది. పక్కన స్టూలు మీద రేడియో సన్నగా పాడుతోంది.

"రండి రండి! ఏమిటి ఇద్దరూ ఇలా వచ్చారు? బాగానే పాడుతోందండీ, ఏ లోటూ లేదు."

"ఒకసారి మూత విప్పాలమ్మా," అన్నాడు నాన్న.

"ఎందుకండీ, పాడేదాన్ని?"

"మీకు చూపించాల్సింది ఒకటి ఉండిపోయింది."

సంచి మైనం చేతికిచ్చాడు. ఆమె విప్పింది. నాన్న టైలరమ్మను దగ్గరికి పిలిచి, ఎప్పటిలాగే స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కటీ తాకి చూపించాడు. మొన అటూ ఇటూ కదులుతోంటే, నిలిచినప్పుడల్లా చెప్పాడు. "ఈ టంకం నాది కాదు, మా అమ్మాయిది. ఇది మా అమ్మాయిది. ఇదీ అంతే. నేను వేసినవి ఊడిపోయాయి. ఇందులో నాదంటూ ఏదీ లేదు. మీకు నా చెయ్యి అని చెప్పి ఇచ్చాను. నాకు తెలియక చెప్పాను. అయినా చెప్పడం చెప్పడమే."

టైలరమ్మ రేడియో వంక చూడలేదు. కళ్లజోడు తీసి నాన్న చేతిని చూసింది. తర్వాత తన వేళ్లు చూసుకుంది.

"నేనూ సూదిలో దారం ఎక్కించుకోలేనండీ," అంది. "మనవరాలు బడికి వెళ్లే ముందు ఎక్కించి, దిండుకి గుచ్చి పెట్టి పోతుంది. వరసగా. దానికి చెప్పాను, ఎవరైనా అడిగితే దారం నువ్వే ఎక్కించావని చెబుతాను, కుట్టు మాత్రం నాదే అంటాను అని." మైనం వైపు తిరిగింది. "మీ నాన్న చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. ఆయన చెప్పాడు చూశావా?"

మైనం తల వంచుకుని మూత బిగించింది.

అలా ఇంటింటికీ తిరిగారు. కొందరు "ఏదైతే ఏం బాబాయ్ గారూ, పాడుతోంది కదా" అన్నారు. ఒకాయన "పోన్లెండి, వారసురాలు దొరికింది" అని నాన్న భుజం తట్టాడు. నాన్న ప్రతిచోటా అవే మాటలు చెప్పాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ప్రతి ఇంటి గుమ్మం దిగేటప్పుడు ఆయన ఇంకొంచెం ముసలివాడైనట్టు అనిపించింది మైనానికి. చివరి ఇల్లు దిగాక రోడ్డు దాటుతూ, ఎప్పుడో చిన్నప్పుడు పట్టుకున్నట్టు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ వణుకు ఆమె చేతిలోకి కూడా వచ్చింది. విడిపించుకోలేదు.

"నాన్నా, కోపం పోయిందా?"

"కోపం ఇప్పుడు నీ మీద లేదే," అన్నాడు. "నీ మీద ఉన్నంత కాలం బాగానే ఉంది. దాన్ని తిప్పి ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు."

ఇంటికొచ్చాక నాన్న పని గదిలోకి వెళ్లాడు. అమ్మా, అత్తయ్యా హాల్లోనే ఉండిపోయారు. లైబ్రరీ రేడియో ఇంకా బల్ల మీద పొట్ట విప్పుకునే ఉంది. మైనం కారిన గొట్టాన్ని మళ్లీ మూయాలి.

"కూర్చో," అన్నాడు.

"ఎక్కడ?"

కుర్చీ లాగాడు. తన కుర్చీ. వీపు ఆనే చోట గుడ్డ అరిగిపోయి, ఆయన ఆకారమే దానికి వచ్చేసింది. మైనం అంచు మీద కూర్చుంది. నాన్న బల్లకు కుడివైపున్న ఐరన్ స్టాండును రెండు చేతులా పట్టుకుని ఎత్తాడు. అది ఎన్నో ఏళ్లుగా కదలలేదు. కింద చెక్క నల్లగా గుండ్రంగా కాలి ఉంది. దాన్ని మెల్లగా మోసుకొచ్చి ఎడమవైపు పెట్టాడు. సీసం చుట్ట ఎడమవైపు, తుడుచుకునే తడిగుడ్డ ఎడమవైపు. దీపం మెడ వంచి, నీడ పడకుండా అటునుంచి ఇటు తిప్పాడు.

మైనం నోరు నొక్కుకుంది.

"మైనం పోసేటప్పుడు తొందరపడకు. మూత బిగించే ముందు లైబ్రేరియనమ్మను పిలువు. అన్నీ చూపించు." ఆగి, భూతద్దం లేకుండానే లోపలికి వేలు చూపించాడు. వేలు వణుకుతున్నా, ఎక్కడికి చూపించాలో దానికి తెలుసు. "ఇది మాత్రం మా నాన్నది అని చెప్పు."

"నువ్వూ ఉండు నాన్నా. పక్కన కూర్చో."

"నేనుంటే నీ చెయ్యి వణుకుతుంది."

గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. కిటికీ గాలి హాల్లోంచి వచ్చి మైనం ముంగురులు కదిలించింది. బయట అత్తయ్య ఏదో అనబోయింది. "ష్..." అన్నాడు నాన్న. "నెమ్మదిగా అక్కా. లోపల పని జరుగుతోంది."

తలుపు దగ్గరికి లాగాడు. అవతల ఆయన వేళ్ల కింద గడియ టకటకా కొట్టుకుంది. మైనం కుర్చీలోంచి సగం లేచింది. తను వెళ్లి ఇటునుంచి తలుపును ఒక్కసారి నొక్కితే గడియ పడిపోతుంది. గడియ ఇంకా కొట్టుకుంటూనే ఉంది. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుని, కళ్లనిండా నీళ్లతో మళ్లీ కూర్చుంది.

చాలాసేపటికి, నాన్న చేతిలోనే, గడియ పడింది.